ఫిట్జ్‌రాయ్ పాత ఆటగాళ్లు: ఎవరిని, ఎందుకు గుర్తుంచుకోవాలి?

ఉత్తర తీరం రాశారు:

మెల్‌బోర్న్‌లో స్థిరపడిన మన తెలుగువాళ్లలో ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) చూసేవారి సంఖ్య బాగానే పెరిగింది. ఈ వేదికలో కాలింగ్‌వుడ్, రిచ్‌మండ్, ఎసెండన్ అభిమానుల వాదనలు ప్రతి సీజన్‌లోనూ చదువుతూనే ఉన్నాము. ఈ చర్చను మాత్రం ఇప్పుడు పెద్ద లీగ్‌లో లేని ఒక క్లబ్ కోసం ప్రారంభిస్తున్నాను. 1883లో ఏర్పడి, 1897లో విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్ (ఇప్పటి ఏఎఫ్‌ఎల్, ఈ ఆటకు పెద్ద లీగ్) మొదలైనప్పుడు అందులో వ్యవస్థాపక జట్టుగా చేరి, 1996 వరకు ఒక్క సీజన్ కూడా మానకుండా ఆడిన ఫిట్జ్‌రాయ్ గురించి ఇది. ఎనిమిది ప్రీమియర్‌షిప్‌లు (లీగ్ విజేత కప్పులు) గెలిచిన ఈ క్లబ్‌కు చివరిది 1944లో దక్కింది. అంటే ఆ తరువాత యాభై రెండేళ్ల పాటు అక్కడ ఆడినవారిలో ఒక్కరు కూడా ఫిట్జ్‌రాయ్ తరఫున కప్పు ఎత్తలేదు. ఈ క్లబ్ పేరు చెప్పగానే పాతవాళ్లు తలచుకునే ఆటగాళ్లలో ఎక్కువ మంది ఆ కాలంవారే కావడం నాకు ఎప్పుడూ ఆలోచించదగిన విషయంగానే తోస్తుంది.

నేను ముందుగా చెప్పదలచుకున్నది కెవిన్ మరే గురించి. ఆయన 1955లో మొదలుపెట్టి 1974 వరకు ఆడారు. మధ్యలో 1965, 1966 సీజన్లు పశ్చిమ ఆస్ట్రేలియాకు వెళ్లి ఈస్ట్ పెర్త్‌కు కెప్టెన్‌గానూ కోచ్‌గానూ ఉండి, మళ్లీ ఫిట్జ్‌రాయ్‌కే తిరిగి వచ్చారు. మొత్తం 333 మ్యాచ్‌లు ఆడారు. క్లబ్‌లో ఆ ఏటి ఉత్తమ ఆటగాడికిచ్చే ‘బెస్ట్ అండ్ ఫెయిరెస్ట్’ గౌరవాన్ని తొమ్మిదిసార్లు అందుకున్నారు. ఇన్నేళ్లలో ఆయన జట్టు గ్రాండ్ ఫైనల్ (కప్పు తేల్చే తుది మ్యాచ్) ముఖం చూసింది లేదు. 1963లో ఆయన కెప్టెన్-కోచ్‌గా ఉండగా ఫిట్జ్‌రాయ్ సీజన్ మొత్తంలో ఒకే ఒక్క మ్యాచ్ గెలిచింది. ఆ గెలుపు కూడా ఆయన విక్టోరియా రాష్ట్ర జట్టుకు ఆడడానికి వెళ్లిన రోజున వచ్చింది, అదీ ఆ ఏడాది ప్రీమియర్‌షిప్ గెలుచుకున్న జీలాంగ్ మీద. మరుసటి ఏడాది, 1964లో, ఆ ఒక్కటి కూడా లేదు. అటువంటి జట్టులో ఉండి 1969లో, ముప్పై దాటిన వయసులో, బ్రౌన్‌లో పతకం గెలిచారు. తెలియనివారి కోసం చెబుతున్నాను: ప్రతి మ్యాచ్ ముగిశాక అంపైర్లు తమకు ఉత్తమంగా తోచిన ముగ్గురికి మూడు, రెండు, ఒకటి చొప్పున ఓట్లు వేస్తారు. సీజన్ చివర ఎక్కువ ఓట్లు వచ్చినవారికి ఆ పతకం ఇస్తారు. ఓడిన జట్టు ఆటగాడికి ఓట్లు పడటం సులభం కాదని ఆట చూసే వారందరికీ తెలుసు.

సభ్యులు తమకు గుర్తున్న ఒకరిద్దరి పేర్లు చెప్పి, వారినే ఎందుకు తలచుకుంటున్నారో కూడా రాయాలని కోరుతున్నాను. అంకెల పట్టిక మాత్రమే పెడితే అది ఎక్కడైనా దొరుకుతుంది.

గోదారి గట్టు రాశారు:

నేను రాజమండ్రిలో ఉంటాను. మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో చదువుకుంటున్నప్పటి నుంచి ఈ ఆట చూడటం అలవాటయింది. ఉత్తర తీరం గారూ, నాకు రెండు సందేహాలు ఉన్నాయి. ఇరవై ఏళ్లు ఓడిపోయే జట్టులోనే ఉండిపోవడానికి ఆ రోజుల్లో ఆటగాళ్లకు వేరే దారి లేకపోయిందా, లేక ఉండాలనుకునే ఉన్నారా? రెండవది, బ్రిస్బేన్ జట్టు చొక్కా మీద కనిపించే సింహం ఈ ఫిట్జ్‌రాయ్‌దేనని ఎవరో అన్నారు. అదే నిజమైతే క్లబ్ ఇప్పుడు పెద్ద లీగ్‌లో లేదని మీరు అనడం సరైనదేనా?

పాత స్కోర్‌బోర్డు రాశారు:

మొదటి సందేహానికి నా జవాబు: రెండూ నిజమే. అప్పట్లో ఆటగాడు పుట్టి పెరిగిన పేటను బట్టి ఏ క్లబ్‌కు ఆడాలో నిర్ణయమయ్యేది. మరో క్లబ్‌కు మారాలంటే పాత క్లబ్ అనుమతి ఇవ్వాలి. కానీ మరే గారి విషయంలో ఆ వాదన పూర్తిగా నిలవదు. పెర్త్‌కు వెళ్లినవారు అక్కడే ఉండిపోవచ్చు, ఆయన తిరిగి వచ్చారు.

నా ఓటు మాత్రం 1930ల జట్టుకు. 1931 నుంచి 1936 వరకు ఆరు బ్రౌన్‌లో పతకాలలో ఐదు ఫిట్జ్‌రాయ్‌కే వచ్చాయి. హేడన్ బంటన్ 1931, 1932, 1935లలో మూడుసార్లు గెలిచారు. 1933లో విల్‌ఫ్రెడ్ స్మాల్‌హార్న్, 1936లో డిన్నీ రాయన్ గెలిచారు. మధ్యలో 1934లో మాత్రం ఎసెండన్‌కు చెందిన డిక్ రేనాల్డ్స్ గెలిచారు. ఇంతమంది ఉద్దండులు ఒకే చోట ఉండి కూడా ఆ ఆరేళ్లలో ఒక్క ప్రీమియర్‌షిప్ లేదంటే, ఒక జట్టు గొప్పతనాన్ని కప్పుల లెక్కతోనే కొలిచే అలవాటు ఎంతవరకు సబబో ఆలోచించండి. బంటన్ ఆల్బరీ నుంచి వచ్చారు. డబ్బు చెల్లింపుల నిబంధనలను అతిక్రమించారన్న కారణంగా 1930లో ఆడనివ్వలేదు. ఒక ఏడాది ఖాళీగా కూర్చుని, ఆడిన మొదటి సీజన్‌లోనే పతకం గెలవడం మాటలు కాదు. తరువాత పెర్త్‌కు వెళ్లి సుబియాకో తరఫున అక్కడి లీగ్ ఉత్తమ ఆటగాడికిచ్చే శాండోవర్ పతకాన్ని కూడా మూడుసార్లు గెలుచుకున్నారు.

స్మాల్‌హార్న్ కథ ఆటతో ముగియలేదు. ఆయనను అందరూ ‘చికెన్’ అని పిలిచేవారు. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యానికి బందీగా చిక్కి సింగపూర్‌లోని చాంగీ శిబిరంలో ఉన్నారు. ఆ శిబిరంలో ఖైదీలు జట్లుగా ఏర్పడి 1943లో ఒక ఫుట్‌బాల్ లీగ్‌నే నడిపారు, అందులో అంపైరింగ్, నిర్వహణ బాధ్యతలలో ఈయన కూడా పాలుపంచుకున్నారు. ఉత్తమ ఆటగాడికి అక్కడా ఒక ‘బ్రౌన్‌లో’ ఇచ్చారు, అది సెయింట్ కిల్డాకు ఆడిన పీటర్ చిట్టీకి దక్కింది. ఆ పతకం ఇప్పుడు కాన్‌బెర్రాలోని యుద్ధ స్మారకంలో ఉంది. అర్ధాకలితో ఉన్న మనుషులు ఫుట్‌బాల్‌కు ఓపిక ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

నార్త్‌కోట్ మాస్టారు రాశారు:

ఇంతవరకు ఎవరూ డగ్ నికల్స్ పేరు ఎత్తలేదు. పతకాల దారిన వెళితే ఆయన కనిపించరు. ఫిట్జ్‌రాయ్‌కు ఆయన ఆడినది 54 మ్యాచ్‌లే.

నికల్స్ యోర్టా యోర్టా జాతివారు. 1906లో మరే నది ఒడ్డున ఉన్న కమరగంజ మిషన్‌లో జన్మించారు. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. పరుగు పందేలలో బహుమతులు గెలుచుకున్న వేగం ఆయనది. 1927లో కార్ల్‌టన్ క్లబ్‌లో చేరడానికి వెళ్లారు. ఆదివాసి అన్న కారణంతో అక్కడి శిక్షణ సిబ్బంది ఆయన కాళ్లకు మర్దన చేయడానికి నిరాకరించారు, తోటి ఆటగాళ్లు ఆయన దగ్గర వాసన వస్తోందని ఎగతాళి చేశారు. అక్కడ నిలవలేక నార్త్‌కోట్‌కు వచ్చి, 1929లో ఆ జట్టు విక్టోరియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ (పెద్ద లీగ్ కింది పోటీ) ప్రీమియర్‌షిప్ గెలవడంలో భాగమయ్యారు. నేను ఉండే పేట అదే కనుక నా పక్షపాతాన్ని మీరు క్షమించాలి.

1932లో ఫిట్జ్‌రాయ్‌లో చేరినప్పుడు, కార్ల్‌టన్ అనుభవం మనసులో ఉండి, డ్రెస్సింగ్ రూములో ఒక మూల ఒంటరిగా బట్టలు మార్చుకునేవారు. అప్పటికే బ్రౌన్‌లో పతకధారి, క్లబ్‌లోకెల్లా పెద్ద తార అయిన బంటన్ తన సంచి తెచ్చి ఆయన పక్కనే పెట్టుకుని, ఇక నుంచి తానూ అక్కడే మార్చుకుంటానని కూర్చున్నారు. ఆ తరువాత ఆ గదిలో మరెవరూ మరో మాట అనలేదు. పాత స్కోర్‌బోర్డు గారూ, బంటన్‌కు వచ్చిన మూడు పతకాలకూ విలువ ఉంది, కాదనను. కానీ నన్నడిగితే బంటన్‌ను గుర్తుంచుకోవడానికి ఈ సంచి ఒక్కటి చాలు.

నికల్స్ వింగ్ (మైదానం అంచు) స్థానంలో ఆడి 1935లో విక్టోరియా రాష్ట్ర జట్టుకు ఎంపికయ్యారు. ఆ గౌరవం పొందిన మొదటి ఆదివాసి ఆయనే. ఆట మానిన తరువాత పాస్టరుగా మారి, ఫిట్జ్‌రాయ్ పేటలోని గోర్ వీధిలో ఆదివాసుల కోసం చర్చి నడిపారు. ఆదివాసుల విషయమై జరిగిన 1967 జనాభిప్రాయ సేకరణకు దారితీసిన ఉద్యమంలో పనిచేశారు. 1972లో నైట్ బిరుదు, 1976లో దక్షిణ ఆస్ట్రేలియా గవర్నరు పదవి వచ్చాయి. రెండింటిలోనూ ఆదివాసులలో ప్రథములు ఆయనే. ఇప్పుడు ప్రతి ఏటా లీగ్ నిర్వహించే ఆదివాసీ రౌండ్‌కు 2016 నుంచి ఆయన పేరు పెట్టారు. ఆ వారాంతంలో అన్ని జట్లూ ఆదివాసీ చిత్రకళతో రూపొందించిన చొక్కాలు వేసుకుంటాయి. వాటిని మెచ్చుకుంటూ ఫొటోలు పెట్టే మన సభ్యులలో ఎంతమందికి ఆయన ఫిట్జ్‌రాయ్ ఆటగాడని తెలుసు?

బ్రిస్బేన్ శారద రాశారు:

మాస్టారు గారి టపా చదివి చాలా విషయాలు తెలుసుకున్నాను, ధన్యవాదాలు. అయితే గోదారి గట్టు గారి రెండవ ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు ఇవ్వలేదు కనుక నేను ఇస్తాను. సింహం ఫిట్జ్‌రాయ్‌దే. 1996 చివరలో ఫిట్జ్‌రాయ్, బ్రిస్బేన్ బేర్స్ కలిసి బ్రిస్బేన్ లయన్స్ ఏర్పడింది. ఫిట్జ్‌రాయ్ నుంచి ఎనిమిది మంది ఆటగాళ్లు ఇక్కడికి వచ్చారు. వారిలో క్రిస్ జాన్సన్ 2001, 2002, 2003లలో వరుసగా మూడు ప్రీమియర్‌షిప్‌లు గెలిచి, 2007లో ఆట మానారు. ఫిట్జ్‌రాయ్ తరఫున పెద్ద లీగ్‌లో ఆడినవారిలో అందరికంటే చివర మైదానం విడిచింది ఆయనే. ఆయన కూడా ఆదివాసీ ఆటగాడే. ఫిట్జ్‌రాయ్ చరిత్రలో నికల్స్ నిలిచిన ఆ వరుస జాన్సన్ దాకా వచ్చిందని నేను అనుకుంటాను.

అలస్టేర్ లించ్‌ను మీ మెల్‌బోర్న్‌వారు మరిచిపోయారేమో గానీ మేము మరిచిపోలేదు. 1993లో ఫిట్జ్‌రాయ్ ఉత్తమ ఆటగాడిగా నిలిచి, ఆ తరువాత బేర్స్‌కు వచ్చారు. విపరీతమైన నీరసం కలిగించే దీర్ఘకాలిక జబ్బు పట్టుకుని 1995లో దాదాపు ఆటకు దూరమై, తిరిగి కోలుకుని ఆ మూడు గ్రాండ్ ఫైనళ్లలోనూ ఫుల్ ఫార్వర్డ్‌గా (గోల్ ముందు నిలిచి గోల్స్ కొట్టే స్థానంలో) ఆడారు. 1996లో, అంటే ఫిట్జ్‌రాయ్ చివరి సీజన్‌లో, క్లబ్ ఉత్తమ ఆటగాడు మార్టిన్ పైక్. ఆయన నార్త్ మెల్‌బోర్న్‌తో 1999లో ఒకటి, బ్రిస్బేన్‌తో మూడు, మొత్తం నాలుగు ప్రీమియర్‌షిప్‌లు గెలిచారు. వీళ్లను ఫిట్జ్‌రాయ్ పాత ఆటగాళ్లుగా లెక్కించరా? పుట్టింటి పేరు మారినంత మాత్రాన పుట్టిల్లు లేదని అనలేము కదా. మా జట్టు 2024లో, మళ్లీ 2025లో గెలిచినప్పుడు మెల్‌బోర్న్‌లో ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారంటే ఆ కన్నీళ్లు దేనికో మీరే చెప్పండి.

ఉత్తర తీరం రాశారు:

శారద గారూ, జాన్సన్, లించ్, పైక్ ముగ్గురినీ లెక్కించవలసిందే, అందులో నాకు అభ్యంతరం లేదు. కానీ వారిని తలచుకోవడం వేరు, వారు గెలిచిన కప్పులను ఫిట్జ్‌రాయ్ ఖాతాలో వేయడం వేరు. ఇక్కడి పాత అభిమానులందరూ బ్రిస్బేన్ వెంట నడవలేదు. కొందరు నార్త్ మెల్‌బోర్న్‌కు మారారు, కొందరు ఆట చూడటమే మానేశారు.

దానికి కారణం 1996లో జరిగిన తీరు. ఫిట్జ్‌రాయ్‌కు 1966 తరువాత సొంత మైదానం లేదు. బ్రన్స్‌విక్ స్ట్రీట్ వదిలాక కార్ల్‌టన్ వారి ప్రిన్సెస్ పార్కు, సెయింట్ కిల్డాలోని జంక్షన్ ఓవల్, కాలింగ్‌వుడ్ వారి విక్టోరియా పార్కు, మళ్లీ ప్రిన్సెస్ పార్కు, చివరికి ఫుట్‌స్క్రేలోని విట్టెన్ ఓవల్ అంటూ అద్దె ఇళ్లు మారినట్లు మారింది. నౌరూ దేశపు సంస్థ ఒకటి ఇచ్చిన అప్పు తీర్చలేని స్థితిలో 1996 జూన్‌లో క్లబ్ అడ్మినిస్ట్రేటరు చేతికి వెళ్లింది. నార్త్ మెల్‌బోర్న్‌తో విలీనం దాదాపు ఖాయమైన దశలో మిగతా క్లబ్బులు ఒప్పుకోలేదు, జులై మొదట్లో బ్రిస్బేన్ పేరు వచ్చింది. ఆటగాళ్లకు ఇంకా రెండు నెలల సీజన్ మిగిలి ఉంది. తమ జట్టు ఉండబోదని తెలిసి కూడా ప్రతి వారం చొక్కా వేసుకుని మైదానంలోకి దిగారు.

ఆగస్టు 25న మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండులో ఇక్కడి చివరి మ్యాచ్. రిచ్‌మండ్ చేతిలో 151 పాయింట్ల తేడాతో ఓడారు. సెప్టెంబరు 1న పెర్త్‌లోని సుబియాకోలో ఫ్రీమాంటిల్ చేతిలో 86 పాయింట్ల తేడాతో ఓడారు. అంతటితో అయిపోయింది. ఆ రెండు మ్యాచ్‌లు ఆడిన ఆటగాళ్లలో చాలామందికి ఆ తరువాత ఏ పెద్ద జట్టులోనూ చోటు దొరకలేదు. బ్రాడ్ బాయిడ్ ఆ ఏడాది కెప్టెన్, ఇరవై నాలుగు ఇరవై అయిదేళ్ల కుర్రవాడు. ఒక క్లబ్ అంత్యకాలానికి కెప్టెన్‌గా ఉండటమన్నది ఏ యువకుడూ కోరుకునే బాధ్యత కాదు. నా జాబితాలో కెవిన్ మరే తరువాత బాయిడ్ ఉంటారు.

ఇక సింహం సంగతి. 2010లో బ్రిస్బేన్ యాజమాన్యం చొక్కా మీది సింహాన్ని మార్చి వేరే బొమ్మ పెట్టినప్పుడు ఇక్కడివారు ఎంత గొడవ చేశారో మీకు తెలిసే ఉంటుంది. 2015లో పాత సింహం తిరిగి వచ్చింది. మీ క్లబ్ పట్ల నాకు గౌరవం మొదలైనది అప్పుడే.

పాత స్కోర్‌బోర్డు రాశారు:

చర్చ మరీ విషాదం వైపు మళ్లుతోంది కనుక ఒక్క మాట. ఫిట్జ్‌రాయ్ అంటే ఓటములే అనుకుంటే పొరపాటు. 1979 జులైలో వేవర్లీ పార్కులో మెల్‌బోర్న్ జట్టు మీద 36 గోల్స్ (ఒక్కొక్కటి ఆరు పాయింట్లు), 22 బిహైండ్స్ (ఒక్కొక్కటి ఒక పాయింటు), అంటే 238 పాయింట్లు చేసి 190 పాయింట్ల తేడాతో గెలిచారు. లీగ్ చరిత్రలో అంతకంటే పెద్ద గెలుపు ఇప్పటికీ లేదు. 1979, 1981, 1983, 1984, 1986 సీజన్లలో ఫైనల్స్ ఆడారు.

ఆ కాలపు ప్రాణం బెర్నీ క్విన్‌లన్, గ్యారీ విల్సన్. క్విన్‌లన్ ఫుట్‌స్క్రే నుంచి 1978లో వచ్చారు. 1981లో బ్రౌన్‌లో పతకాన్ని సౌత్ మెల్‌బోర్న్‌కు చెందిన బ్యారీ రౌండ్‌తో పంచుకున్నారు. విచిత్రమేమిటంటే రౌండ్ కూడా ఫుట్‌స్క్రే వదులుకున్న ఆటగాడే. 1983లో 116 గోల్స్, 1984లో 105 గోల్స్ కొట్టారు. అప్పటికి ఆయన ముప్పై దాటినవారు. ఆయనకు ‘సూపర్‌బూట్’ అన్న పేరు ఊరికే రాలేదు. టార్పిడో కిక్ చూసినవారికి తెలుస్తుంది: బంతిని నిలువుగా కాకుండా కాస్త ఏటవాలుగా పట్టుకుని, పాదం దాని పొట్టను ఒరుసుకుంటూ పోయేలా కొడితే అది తన పొడుగు ఇరుసు చుట్టూ గిర్రున తిరుగుతూ సాగిపోతుంది. కొద్దిగా గురి తప్పినా పక్కకు పోతుంది కనుక ఈనాటి కోచ్‌లు దాన్ని ప్రోత్సహించరు. క్విన్‌లన్ మాత్రం డెబ్బై మీటర్ల దూరం నుంచి కూడా నమ్మకంగా కొట్టేవారు. పాత వీడియోలలో వెతికి చూడండి, బంతి స్తంభాల మధ్య నుంచి దూసుకుపోయేటప్పుడు కూడా ఇంకా ఎత్తులోనే ఉంటుంది.

విల్సన్ అందుకు పూర్తి భిన్నం. పొట్టి మనిషి, రోవర్ (నేలమీది బంతిని చురుగ్గా అందుకునే ఆటగాడు). బంతి నేలమీద పడిన చోటల్లా తలకు హెల్మెట్‌తో ఆయన ప్రత్యక్షమయ్యేవారు. 1971 నుంచి 1984 వరకు 268 మ్యాచ్‌లు. ఆయనకు బ్రౌన్‌లో రాకపోవడం అంపైర్ల లోపమని నేను ఎవరితోనైనా వాదిస్తాను.

మిక్ కాన్లన్‌ను కూడా చేర్చండి. 1986 ఎలిమినేషన్ ఫైనల్‌లో (ఓడితే ఇంటికే అన్న మ్యాచ్) ఎసెండన్ మీద ఆఖరి క్షణాలలో కొట్టిన గోల్‌తో ఒక్క పాయింట్ తేడాతో గెలిపించారు. ఆ మరుసటి వారం సిడ్నీని కూడా ఓడించి, ప్రిలిమినరీ ఫైనల్‌లో హాథార్న్ దగ్గర ఆగిపోయారు.

గోదారి గట్టు రాశారు:

మరి కప్పు గెలిచిన 1944 జట్టులోని వారిని ఎవరూ తలచుకోరేమిటండీ? పాపం, వాళ్లు చేసిన తప్పు గెలవడమేనా?

పాత స్కోర్‌బోర్డు రాశారు:

న్యాయమైన ప్రశ్న. ఆ జట్టుకు ఫుల్ బ్యాక్ (గోల్ ముందు కాపు కాసే ఆటగాడు) ఫ్రెడ్ హ్యూసన్ కెప్టెన్, కోచ్ కూడా. యుద్ధకాలం కావడంతో మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండును సైన్యం వాడుకుంటోంది, అందుచేత గ్రాండ్ ఫైనల్ జంక్షన్ ఓవల్‌లో జరిగింది. రిచ్‌మండ్‌ను 15 పాయింట్ల తేడాతో ఓడించారు. అప్పటికి పతకాలేవీ లేని కుర్రవాడు ఆలన్ రూత్‌వెన్ 1950లో బ్రౌన్‌లో గెలిచాడు. 1932 నుంచి క్లబ్‌ను అంటిపెట్టుకుని ఉన్న ఫ్రాంక్ కర్షియో మాత్రం ఆ సీజన్ ఆడలేదు. ఆయన సంగీత కచేరీలలో వయొలిన్ వాయించే మనిషి. రెండు వందలకు పైగా మ్యాచ్‌లు ఆడి, కప్పు గెలిచిన ఏడాదే లేకుండా పోయారు.

ఇక కప్పులలో నాకు అన్నిటికంటే నచ్చేది 1916 నాటిది. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల ఆ ఏడాది నాలుగు జట్లే ఆడాయి. ఫిట్జ్‌రాయ్ పన్నెండు మ్యాచ్‌లలో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. నాలుగు జట్లకూ ఫైనల్స్‌లో చోటు ఉండటంతో అక్కడ వరుసగా గెలిచి కార్ల్‌టన్‌ను ఓడించి ప్రీమియర్ అయింది. ఒకే సీజన్‌లో ఆఖరి స్థానం, కప్పు రెండూ పొందిన జట్టు మరొకటి లేదు.

బ్రిస్బేన్ శారద రాశారు:

ఉత్తర తీరం గారి మాటలో కొంత ఒప్పుకుంటాను. కప్పుల ఖాతా వేరుగానే ఉంచుదాం. కానీ పాల్ రూస్ విషయం ఏమంటారు? ఫిట్జ్‌రాయ్‌కు 269 మ్యాచ్‌లు ఆడి, 1995లో సిడ్నీకి వెళ్లి, 2005లో కోచ్‌గా ఆ జట్టుకు డెబ్బై రెండేళ్ల తరువాత ప్రీమియర్‌షిప్ సాధించారు. ఆయనను సిడ్నీ మనిషిగానే అందరూ చూస్తారు. ఫిట్జ్‌రాయ్ ఆటగాళ్ల మీద హక్కు మాకు లేదంటే సిడ్నీకి ఉంటుందా?

ఉత్తర తీరం రాశారు:

హక్కు మాట నేను అనలేదండీ. ఐదుసార్లు క్లబ్ ఉత్తమ ఆటగాడిగా నిలిచిన రూస్‌ను ఫిట్జ్‌రాయ్ మనిషి కాదని ఎవరనగలరు? క్లబ్ జీతాలు ఇవ్వలేని రోజుల్లో వెళ్లిపోయిన వారిని తప్పుపట్టేవాళ్లు అప్పట్లో ఉండేవారు, నేను ఆ జట్టులో చేరను. అయితే చివరిదాకా ఉన్నవారికి మాత్రం ఈ చర్చలో ఒక వాక్యమైనా ఎక్కువ దక్కాలి.

నార్త్‌కోట్ మాస్టారు రాశారు:

మెల్‌బోర్న్‌లో ఉన్న సభ్యులకు ఒక సూచన. ఎడిన్‌బరో గార్డెన్స్‌లో బ్రన్స్‌విక్ స్ట్రీట్ మైదానం, దాని పాత చెక్క గ్యాలరీ ఇప్పటికీ ఉన్నాయి. 2009 నుంచి ఫిట్జ్‌రాయ్ పేరుతో, అవే రంగులతో ఒక జట్టు విక్టోరియా అమెచ్యూర్ లీగ్‌లో అక్కడే ఆడుతోంది. శనివారాలు మధ్యాహ్నం వెళ్లి గట్టు మీద నిలబడి చూడవచ్చు, విరామంలో ఆటగాళ్ల గుంపు దగ్గరకు వెళ్లి కోచ్ మాటలు వినడానికి కూడా ఎవరూ అడ్డు చెప్పరు. అక్కడ పెద్దవయసువారిని కదిపితే, బంటన్, స్మాల్‌హార్న్ గురించి తమ తండ్రులు చెప్పిన సంగతులు చెబుతారు. పాత స్కోర్‌బోర్డు గారూ, డిన్నీ రాయన్ గురించి మీరు ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఆ ఐదు పతకాలు గెలిచిన ముగ్గురిలో అందరూ తక్కువగా చెప్పుకునేది ఆయన పేరే. వీలు చూసుకుని ఆయన మీద విడిగా ఒక టపా రాయండి.